పటంలో పేరులేని కొండలు: ఎక్కే ముందు దిగడం గురించి

వానలు వెనకబట్టి, వలిసె పూలు చేలమీద పసుపు పరిచే రోజులు రాగానే అరకు, పాడేరు దారులు జనంతో నిండిపోతాయి. వంజంగి కొండమీద మేఘాలు చూడడానికి తెల్లవారకముందే బారులు తీరుతారు. ఆ రద్దీ చూసి, ఎదురుగా అడవి కప్పుకుని నిలబడ్డ మరో కొండను చూపించి, "దానిమీదికి వెళదాం, అక్కడ ఎవరూ ఉండరు" అనేవారు ఇప్పుడు ఎక్కువయ్యారు. వారి కోరిక నాకు బాగా తెలుసు. పెద్ద శిఖరానికి భుజంలా అంటుకుని ఉండే ఈ చిన్న శిఖరాలే నాకూ ఇష్టం. అయితే అక్కడ ఎవరూ ఉండరంటే దారి చెప్పేవారు, కేక వేస్తే పలికేవారు కూడా ఉండరని అర్థం.

అన్నిటికంటే ముందు చెప్పవలసింది దిగడం గురించే. ఎక్కేటప్పుడు మనకు దారి తెలియకపోయినా కొండే దారి చూపిస్తుంది. కొండ వెన్నులా సాగే గట్లలో ఏది పట్టుకున్నా పైకే వెళతాం, గట్లన్నీ శిఖరం దగ్గర కలుస్తాయి. దిగేటప్పుడు అవే గట్లు చేతివేళ్లలా విడిపోతాయి. పైన పది అడుగుల తేడాతో మొదలైన రెండు గట్లు కింద రెండు వేర్వేరు లోయల్లోకి దింపుతాయి. పైగా ఈ కొండల మీద కనిపించే బాటలు మనలాంటివారి కోసం పడినవి కావు. పశువులు మేతకు వెళ్లేవి, కట్టెలకు వెళ్లేవి, పోడు చేనుకు వెళ్లేవి. చక్కగా అరగంట సాగి, ఒక చెట్టు కింద ఆగిపోతాయి.

ఒక నవంబరులో మేము నలుగురం ఇలాగే దిగాం. మంచు కమ్మింది, పది అడుగుల అవతల ఏమీ కనిపించలేదు. వచ్చిన గట్టే అనుకుని గంటన్నర నడిచాక కాఫీ తోట ఎదురైంది. వచ్చేటప్పుడు మేము ఏ తోటా దాటలేదు. అప్పటికి చేయవలసింది వెనక్కి ఎక్కడం. అలసిపోయి, కింద వినిపిస్తున్న గెడ్డ (కొండవాగు) చప్పుడును నమ్మి ఇంకా దిగాం. రాత్రి తొమ్మిదింటికి వేరే గ్రామంలో తేలాం. దెబ్బలు తగలకపోవడం మా అదృష్టం మాత్రమే.

అప్పటినుంచి కొన్ని పనులు తప్పక చేస్తాను. బాట చీలిన ప్రతిచోటా వెనక్కి తిరిగి చూస్తాను, ఒక ఫొటో తీస్తాను. దిగేటప్పుడు కళ్లకు కనబడే దృశ్యం అదే కదా! ఆ ప్రాంతపు పటాన్ని ముందే ఫోనులో దించుకుని, ఎక్కుతున్న దారిని నమోదు చేస్తాను. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెడితే ఛార్జింగ్ నిలుస్తుంది. దారి తప్పామని అనుమానం వస్తే ఆగిపోవాలి, ఖాయంగా తెలిసిన చివరి చోటికి తిరిగి ఎక్కాలి. గెడ్డ వెంట దిగితే ఊరు వస్తుందన్న మాట ఈ కొండల్లో ప్రాణం మీదికి తెస్తుంది. గెడ్డలు రాతి అంచుల మీంచి దూకుతాయి. తడిరాతి మీద జారి అక్కడిదాకా వెళ్లినవారు కిందికీ దిగలేరు, పైకీ ఎక్కలేరు.

డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు. అడవిలో అంతకుముందే చీకటి. అందుకే శిఖరం చేరినా చేరకపోయినా మధ్యాహ్నం పన్నెండుకు వెనుదిరగాలని బయలుదేరే ముందే గుంపంతా ఒప్పుకోవాలి. "ఇంకొక్క పావుగంట" అనే మనిషి ప్రతి గుంపులోనూ ఉంటారు, ముందే మాట తీసుకుంటే అక్కడ వాదన ఉండదు. ఒక్కొక్కరికీ ఒక తలలైటు, ఒక ఈల, ఒక ఉన్ని చొక్కా ఉండాలి. లంబసింగి, చింతపల్లి వైపు కొన్ని రాత్రుల్లో ఉష్ణోగ్రత 5 డిగ్రీలకన్నా దిగువకు పడిపోతుంది. చెమటకు తడిసిన నూలు చొక్కాతో ఆ చలిలో కూర్చోలేం.

కొండ కింది గ్రామంలో ఒకరిని తోడు తీసుకోండి. ఇది ఖర్చు గురించి ఆలోచించే చోటు కాదు, రోజు కూలికన్నా ఎక్కువే ఇవ్వండి. పటంలో పేరులేని ఆ కొండకు వారి నోట పేరుంటుంది, ఏ గట్టు ఎక్కడ దిగుతుందో వారికి తెలుసు. కొన్ని కొండలమీద వారి దేవతలుంటారు, చెప్పులు విప్పమంటే విప్పాలి, వద్దంటే ఆగిపోవాలి. రిజర్వు అడవి అయితే అటవీశాఖ అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. ఇంకో సంగతి. రోడ్డు లేని ఊళ్లలో గర్భిణులను, రోగులను ఇప్పటికీ డోలీ కట్టి మోస్తున్నారు. మన కాలు విరిగినా అదే డోలీ, అవే భుజాలు. మన సరదా వారి మీద బరువు కాకూడదు.

అక్టోబరు, నవంబరు తుపానుల కాలం కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరం దాటినప్పుడు ఈ కొండలమీది కాఫీ తోటల నీడచెట్లు కూడా విరిగిపడ్డాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వింటే ప్రయాణం మానుకోండి. పైన వాన పడితే కింద ఎండగా ఉన్నా గెడ్డ పొంగుతుంది. నీరు ఎర్రబడితే దాటవద్దు, ఒడ్డున ఆగండి. ఉరుము వినిపిస్తే బోడి గట్టు, ఒంటరి చెట్టు విడిచి దిగాలి.

జలగలు పెద్ద ప్రమాదం కావు. గోటితో పక్కకు తోసి ఊడదీస్తే సరి. భయపడవలసింది పాముకూ, తేనెటీగలకూ. నడుం ఎత్తు గడ్డిలో కర్రతో తడుతూ నడవండి, చూడని రాతిసందులో చేయి పెట్టవద్దు. పాము కరిస్తే కోయడం, తాడు బిగించడం వద్దు. ఆ అవయవం కదలకుండా కట్టి, నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి చేర్చాలి. సిగ్నల్ అందినచోట 108కి ఫోను చేయండి. రాతికొండల చరియల కింద పెద్ద తేనెపట్లుంటాయి, అక్కడ పొగ, సెంటు, కేకలు వద్దు.

జ్వరాల సంగతి ఇంటికి వచ్చాక తెలుస్తుంది. మన్యంలో మలేరియా ఉంది. గడ్డిలో ఉండే సూక్ష్మమైన పురుగుల కాటుతో స్క్రబ్ టైఫస్ వస్తుంది, కుట్టినచోట నల్లని పొక్కు కడుతుంది. పొడుగు చేతుల చొక్కా, సాక్సులోకి దోపిన ప్యాంటు, దోమల మందు తప్పనిసరి. తిరిగి వచ్చిన మూడు వారాల్లో జ్వరం వస్తే, అడగకపోయినా వైద్యుడికి "మన్యంలో కొండ ఎక్కి వచ్చాను" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో సరైన రక్తపరీక్ష ముందే జరుగుతుంది.

బయలుదేరే ముందు ఏ కొండ, ఏ గ్రామం, ఎన్ని గంటలకు తిరుగు అన్నది కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. కిందికి దిగాక ముందు ఆ గ్రామంలో కనిపించి, "అందరం వచ్చేశాం అన్నా" అని చెప్పి, తర్వాత ఇంటికి ఫోను చేయండి. లేదంటే ఆ ఊరివారు మన కోసం రాత్రి దివిటీలు పట్టుకుని కొండ ఎక్కుతారు.