ముచో, ముయ్ తికమక నాకెలా తీరిందంటే

స్పానిష్‌లో 'చాలా' అనాల్సి వస్తే ముచో, ముచా, ముయ్‌లలో ఏదో తేలక నోరు ఆగిపోయేది. పట్టికలు బట్టీ పట్టడం, యాప్‌లు, ఫ్లాష్‌కార్డులు ఏవీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది: 'చాలా' ఏ మాటకు చెందుతుందో ఆ మాటను ముందు మనసులో అనుకోవడం. అది నామవాచకమైతే లింగం, వచనం చూస్తాను: ముచా లెచే (పాలు స్త్రీలింగం మరి!), ముచోస్ లీబ్రోస్, అంటే చాలా పుస్తకాలు. విశేషణమైతే ముయ్: ముయ్ కారో, బాగా ఖరీదు. క్రియకైతే మారని ముచో: త్రబాఖో ముచో, అంటే చాలా పనిచేస్తాను.

ఆ తర్వాతే పోకో, అంటే 'కొంచెం', పట్టుకున్నాను. పోకా లెచే అంటే పాలు తక్కువే అన్నట్టు. ఉన్ పోకో దే లెచే అంటే కాసిన్ని పాలు. ఇక్కడ పోకో మారదు. కాఫీలోకి అడగాలంటే రెండోదే.

మెఖోర్ (మరింత మంచి) లాంటి పోలిక మాటల ముందు మాత్రం ముయ్ రాదు, ముచో మెఖోర్ అనాలి. అందరికీ ఈ పద్ధతి కుదురుతుందో లేదో చెప్పలేను. గబగబా మాట్లాడేటప్పుడు నేనింకా తడబడుతుంటాను.