రైటర్‌తో రాత పని – 7వ పాఠం: పక్కపక్కన రెండు కాలమ్‌లు

పోయిన పాఠంలో లిబ్రేఆఫీస్ రైటర్‌లో (కంప్యూటర్‌లో కాగితాలు కొట్టుకునే సాఫ్ట్‌వేర్) బతుకమ్మ చందాల పట్టీ రాయమన్నాను. ట్యాబ్ స్టాపులు పెట్టి పేర్లు ఎడమకు, రూపాయలు కుడికి సర్దే పని. అది చేయనివాళ్లు ఈ పాఠంలోకి వచ్చినా వద్దనేదేం లేదు గానీ, స్పేస్ బార్ కొట్టి సర్దే అలవాటు ఇంకా పోలేదంటే ఇక్కడా అవే తిప్పలు పడతారు.

ఆ తిప్పలు నేను పడ్డవే. మా వాడ ఆడవాళ్లు పాడుకునే బతుకమ్మ పాటలు ఒక్క కాగితం మీదికి వచ్చేట్టు కొట్టిపెట్టమని చిన్నమ్మ అడిగింది. ఉయ్యాల పాటల్లో పాదాలు పొట్టివి. కాగితంలో సగం దాకా వచ్చి ఆగిపోతాయి, కుడివైపంతా ఖాళీ. రెండు పాటలు పక్కపక్కన పెడితే సరిపోతుంది కదా అనుకున్నాను. ఎడమ పాటలో ఒక పాదం, ఓ ఇరవై స్పేసులు, కుడి పాటలో ఒక పాదం, ఎంటర్. రాత్రి రెండింటి దాకా ఇదే పని. నా స్క్రీన్ మీద ముత్యాలు పేర్చినట్టే ఉంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక జిరాక్స్ షాపుకు పోయాను. నేను వాడిన ఫాంటు వాళ్ల సిస్టంలో లేదు. దాని బదులు ఇంకోటి వచ్చి కూర్చుంది, అక్షరాల వెడల్పులు మారినయి. యాభై కాపీలు తీసుకున్నాక గానీ నేను చూసుకోలేదు. చిన్నమ్మ కళ్లజోడు పెట్టుకుని కాసేపు తిప్పితిప్పి చూసి, "ఇదేంది బిడ్డా, పాట ఇటు వోయింది, ఉయ్యాల అటు వోయింది" అన్నది.

షాపువాళ్లను అనేదేం లేదు, తప్పు నాదే. పీడీఎఫ్ చేసి తీసుకుపోతే ఆ పూటకు గండం గడిచేది. కానీ అక్షరం సైజు ఒక్క పాయింటు పెంచమని చిన్నమ్మ అడిగి ఉంటే, ఆ రాత్రి పని మళ్లీ మొదటికే.

పారే రాతా, జంట రాతా?

పక్కపక్కన పెట్టే రాత రెండు రకాలు. మౌస్ ముట్టుకోకముందే మీది ఏదో తేల్చుకోండి.

చెరువు కింద పొలంలో నీళ్లు ఒక మడి నిండినాక గట్టు దాటి పక్క మడిలోకి దిగుతాయి. పేపర్లో వార్త అట్లనే నడుస్తుంది: ఎడమ కాలమ్ అడుగుదాకా దిగి, మళ్లీ పక్క కాలమ్ నెత్తిన మొదలవుతుంది. ఇది పారే రాత. దీనికి వాడాల్సింది కాలమ్‌లు.

రెండోది వేరు. ఎడమన పోతన పద్యం, దాని ఎదురుగా కుడివైపున భావం. ఇక్కడ పద్యం పారిపోయి భావంలో కలవకూడదు. ఎవరి జంట వాళ్ల పక్కనే ఉండాలి. ఇది జంట రాత. దీనికి కాలమ్‌లు పనికిరావు, టేబుల్ కావాలి. నన్ను సాయం అడిగేవాళ్లలో చాలామంది జంట రాతను కాలమ్‌లలో కూరి, ఎడమన ఒక్క వాక్యం చేర్చగానే కుడివైపంతా కిందికి జారిందని తల పట్టుకుంటారు.

ముందు పారే రాత సంగతి చూద్దాం. కాలమ్ అంటే ఇంగ్లీషులో స్తంభం కూడా. వేయి స్తంభాల గుడి ఉన్న ఊరివాళ్లం, రెండు మూడింటికి జంకితే ఎట్లా?

పాటల కాగితం

పాటలన్నీ మామూలుగా ఒకదాని కింద ఒకటి కొట్టండి. పైన "బతుకమ్మ పాటలు" అని పెద్ద అక్షరాల్లో శీర్షిక. ఇప్పుడు శీర్షికను వదిలేసి, పాటల్ని మాత్రమే మొదటి నుంచి చివరి దాకా సెలెక్ట్ చేయండి. ఫార్మాట్ మెనూలో కాలమ్స్ నొక్కండి. వచ్చిన డబ్బాలో సంఖ్య 2 చేయండి. 'అప్లై టు' దగ్గర 'సెలెక్షన్' ఉందో లేదో చూసుకుని ఓకే కొట్టండి. శీర్షిక పేజీకి అడ్డంగా పైన నిలిచి, పాటలు దాని కింద రెండుగా చీలతాయి. సెలెక్ట్ చేసిన భాగం చుట్టూ రైటర్ తనంతట తాను ఒక సెక్షన్ కట్టింది. సన్నటి గీత కనిపిస్తే కంగారు పడకండి, అది ప్రింటులో రాదు. శీర్షికను కూడా కలిపి సెలెక్ట్ చేస్తే అదీ పోయి ఎడమ కాలమ్‌లో ఇరుక్కుంటుంది. మొదటిసారి అందరూ చేసే పనే ఇది. కంట్రోల్ జెడ్ కొట్టి మళ్లీ మొదలుపెట్టండి.

అదే డబ్బాలో 'స్పేసింగ్' అని ఒకటుంది, రెండు కాలమ్‌ల మధ్య గట్టు అది. అక్కడ సున్నా ఉంటే ఎడమ పాట తోక కుడి పాట నెత్తికి తగులుతుంది. లెక్క ఇట్లా చూసుకోండి: ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. రెండు పక్కలా 2 చొప్పున మార్జిన్ తీస్తే 17 మిగిలాయి. గట్టుకు 0.8 ఇస్తే 16.2, అంటే ఒక్కో కాలమ్‌కు 8.1. పొట్టి పాదాలకు ఇది ధారాళం. మధ్యలో గీత కావాలంటే అక్కడే 'సెపరేటర్ లైన్' ఉంది. సన్నగా, ఎత్తు 100 శాతం కాకుండా 90 పెట్టి చూడండి, కాగితం కాస్త ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది.

ఎడమ కాలమ్ అడుగుదాకా నిండి, కుడివైపు నాలుగు పాదాలే మిగిలితే చూడ్డానికి బాగుండదు. 'ఈవెన్లీ డిస్ట్రిబ్యూట్ కంటెంట్స్' టిక్ పెడితే రెండువైపులా సమంగా పంచుతుంది. అట్లా కాక, ఫలానా పాట కుడి కాలమ్ పైనుంచే మొదలుకావాలంటే, ఆ పాట ముందు కర్సర్ పెట్టి కంట్రోల్, షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కండి. దీన్ని కాలమ్ బ్రేక్ అంటారు. నేనైతే ఈ రెండింట్లో ఒకదానితోనే పని కానిస్తాను.

ఇక అసలు కిటుకు. నాలుగు పాదాల చరణంలో మూడు ఎడమ అడుగున, నాలుగోది కుడి పైన పడిందనుకోండి, పాడేవాళ్ల కన్ను తప్పుతుంది. సద్దుల బతుకమ్మ నాడు చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరిగేవాళ్లకు తీరిగ్గా వెతుక్కునే టైము ఉండదు. అందుకని ఒక చరణంలోని పాదాల మధ్య ఎంటర్ కొట్టకండి, షిఫ్ట్ ఎంటర్ కొట్టండి. చరణం పూర్తయ్యాకనే ఎంటర్. అప్పుడు రైటర్ దృష్టిలో చరణమంతా ఒక్క పేరా. ఆ పేరాలన్నీ సెలెక్ట్ చేసి, ఫార్మాట్‌లో పేరాగ్రాఫ్, అందులో 'టెక్స్ట్ ఫ్లో', అక్కడ పేరా విడిపోవద్దనే గడిలో టిక్. చోటు చాలకపోతే చరణం మొత్తం పక్క కాలమ్‌లోకి దూకుతుంది గానీ ముక్కలు కాదు.

ఇంకో మాట. కాలమ్‌లు అనగానే పేపర్లో లాగా రెండు అంచులూ కోసినట్టు ఉండాలని జస్టిఫై నొక్కుతారు. తెలుగుకు అది అన్నిసార్లూ అచ్చిరాదు. మన మాటలు ఒకదానికొకటి అతుక్కుని పొడుగు సాగుతాయి. "మాట్లాడుకుంటున్నప్పుడల్లా" అన్న ఒక్క మాటే సన్న కాలమ్‌లో సగం తింటుంది. పక్కన రెండో మాట పట్టక కిందికి పోతే, మిగిలిన మాటల మధ్య వీధి అంత సందులు పడతాయి. మూడు కాలమ్‌లు చేస్తే ఒక్కోటి ఐదు సెంటీమీటర్ల పైచిలుకే, అప్పుడు ఇంకా అధ్వానం. వచనమైతే రెండు కాలమ్‌లు దాటకండి, ఎడమ అంచు ఒక్కటే సాపుగా ఉంచండి. పాటలకైతే జస్టిఫై ఊసే వద్దు.

(డీటీపీ షాపుల్లో పేజ్‌మేకర్ మీద చెయ్యి తిరిగినవాళ్లకు ఇదంతా పిల్లల ఆటలా అనిపించొచ్చు. నిజమే, అందులో కాలమ్‌లు చేయడం హాయి. కానీ 2001లో వచ్చిన 7.0 తర్వాత దానికి కొత్త వెర్షన్ లేదు, అందులో పాత ఫాంట్లతో కొట్టిన తెలుగును తెచ్చి రైటర్‌లో అతికిస్తే పిచ్చి గీతలే వస్తాయి.)

పద్యం, భావం

పోతన మన బమ్మెర ఆయనే కాబట్టి ఆయన పద్యాలతోనే జంట రాత నేర్చుకుందాం. టేబుల్ మెనూలో 'ఇన్సర్ట్ టేబుల్', రెండు నిలువు గడులు, పద్యానికొకటి చొప్పున అడ్డ వరుసలు. గడి నుంచి గడికి ట్యాబ్‌తో పోండి. చివరి గడిలో ట్యాబ్ కొడితే కొత్త వరుస దానంతటదే వస్తుంది.

వెడల్పులు సగం సగం పంచకండి. మత్తేభంలో పాదానికి 20 అక్షరాలు, చంపకమాలలో 21. ఎనిమిదిన్నర సెంటీమీటర్లలో పెడితే పాదం తోక తెగి కింద పడుతుంది, నాలుగు పాదాల పద్యం ఎనిమిది ముక్కలుగా కనిపిస్తుంది. పద్యానికి 10, భావానికి 7 ఇచ్చి చూడండి. అప్పటికీ విరిగితే ఫాంటు ఒక పాయింటు తగ్గించండి. తర్వాత టేబుల్ ప్రాపర్టీస్‌లో బార్డర్లు తీసేయండి. గీతలు పోతే అది టేబుల్ అని ఎవరూ పోల్చుకోలేరు. అక్కడే 'టెక్స్ట్ ఫ్లో'లో, వరుస రెండు పేజీల మీదికి విరగొచ్చనే టిక్ ఉంటుంది, దాన్నీ తీసేయండి.

వర్డ్ వాడేవాళ్లకు: లేఅవుట్ ట్యాబ్‌లో కాలమ్స్ ఉంది. సెలెక్ట్ చేసి 'టూ' అంటే సెక్షన్ బ్రేకులు అదే పెట్టుకుంటుంది. మధ్య గీత 'మోర్ కాలమ్స్'లో దొరుకుతుంది. కాలమ్ బ్రేక్ మీటలు ఇక్కడా అవే.

ఇంటి పని

ఎంగిలి పూల, అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, అలిగిన, వేపకాయల, వెన్నముద్దల, సద్దుల. ఈ తొమ్మిది బతుకమ్మల పేర్లు లైనుకొకటి కొట్టి, మూడు కాలమ్‌లు చేసి మూడేసి చొప్పున సమంగా పంచండి.

తర్వాత కొత్త పేజీలో అవే పేర్లు ఎడమన, ఆ రోజు మీ ఇంట్లో చేసే నైవేద్యం కుడిన వచ్చేట్టు చేయండి. ఆరో రోజు బతుకమ్మ అలుగుతుంది, నైవేద్యం ఉండదు, కాబట్టి ఆ ఎదురు చోటు ఖాళీగానే ఉండాలి. కింద ఉన్న వేపకాయలు పైకి జరిగి అందులో కూర్చున్నాయంటే, మీరు వాడకూడనిది వాడారన్నమాట.