పాత పాటల పెట్టె – మూడో పాఠం: మోటారు గుంయ్ మంటుంది, పళ్లెం తిరగదు

మన పాత రికార్డు ప్లేయరుకు పోయిన పాఠంలో చెప్పిన రెండు పనులు అయ్యాయి కదా? సూది ఉన్న తలను విప్పి ఒక చిన్న డబ్బాలో పెట్టడం ఒకటి, ఆ తలను మోసే చెయ్యిని దాని ఆసరాకు దారంతో కట్టేయడం రెండోది. కాకపోతే చదవడం ఆపి ముందు అవి చేసి రండి. ఇవాళ మిషన్ను పక్కకు వంచుతాం, బోర్లా పెడతాం. సూది విరిగాక మోటారు బాగుపడినా చేసుకునేదేమీ లేదు.

ఈ పాఠానికి నమూనా మా మేనమామ మిషను. వరంగల్ మట్టెవాడలో వాళ్ల పాత ఇంట్లో ముప్పై ఏళ్లకు పైగా సజ్జ మీదే ఉంది. కొత్తవాడ జంపఖానాలో చుట్టి, పైన బట్టల మూటలు పెట్టారు. పోయిన ఎండాకాలం ఇల్లు సున్నం వేయించేటప్పుడు కిందికి దిగింది. ప్లగ్గు పెట్టి మీట తిప్పితే లోపల తుమ్మెద దూరినట్టు చప్పుడు, రికార్డు పెట్టే పళ్లెం మాత్రం కదల్లేదు. "పాత ఇనుపోనికి ఏద్దామా అల్లుడా?" అన్నాడు మామ.

వేయొద్దన్నాను. చాలా ఏళ్లు ఊరికే ఉన్న మిషన్లలో విరిగినవాటి కంటే బిగుసుకుపోయినవే ఎక్కువ. నూనె జిగురైపోతుంది, రబ్బరు ప్రాణం పోతుంది, స్విచ్చు కొసలకు చిలుము పడుతుంది. ఇక్కడి సజ్జల సంగతి మీకు తెలిసిందే. మే నెలలో కప్పు కింద గాలి నిప్పుల కొలిమి, ఆగస్టులో చెమ్మ. ఇన్నేళ్లు అట్లా ఎండి, తడిసి, మళ్లీ ఎండితే ఏ నూనె నూనెలా ఉంటుంది?

కాబట్టి ఏ విడిభాగమూ కొనకండి, ఎక్కడా నూనె పోయకండి. మోటారులో పుట్టిన తిరుగుడు పళ్లెం దాకా రావాలంటే మూడు నాలుగు చేతులు మారాలి. ఎవరి చేతిలో ఆగిపోయిందో కనిపెట్టడమే ఇవాళ్టి పని.

ముందు చేత్తో

ప్లగ్గు తీసి ఉండాలి. పళ్లెం మీది రబ్బరు పరుపు తీసి, పళ్లేన్ని వేలితో నెట్టండి. తేలిగ్గా తిరిగి మెల్లగా ఆగితే పళ్లెం తప్పు లేదు. బరువుగా, తేనెలో తిప్పినట్టు తిరిగితే నడిమి ఇరుసులో నూనె గడ్డకట్టింది. అసలు కదలకపోతే కంగారు పడకుండా పై పలక మీద మరలు వెతకండి. దూరం పంపేటప్పుడు అదరకుండా బిగించే మరలు చాలా మిషన్లలో ఉంటాయి, కొన్నింటికి ఎర్ర రంగు వేసి ఉంటుంది. ఇల్లు మారినప్పుడు బిగించి, తర్వాత మరిచిపోయిన మరలు బోలెడు చూశాను.

పళ్లెం తీయాలంటే నడిమి కడ్డీ చుట్టూ ఉన్న సన్నని ఇనుప క్లిప్పును చిన్న స్క్రూడ్రైవరుతో జరపండి. పైన అరచెయ్యి అడ్డం పెట్టుకుని జరపండి. ఎగిరిందంటే మంచం కింద వెతుక్కోవాల్సి వస్తుంది. కొన్నింటికి క్లిప్పు ఉండదు, రెండు పక్కలా పట్టి పైకి లాగితే వచ్చేస్తుంది. కింద వాషర్లు, చిన్న గుండ్లు ఉంటే ఏది పైన, ఏది కింద ఉందో సెల్‌ఫోనుతో ఫోటో తీసుకోండి. జ్ఞాపకం ఉంటుందిలే అనుకోవద్దు.

పళ్లెం తీశాక కనబడేదాన్ని బట్టి మీ మిషను ఏ జాతిదో తెలుస్తుంది. మోటారు కడ్డీకి, పళ్లెం లోపలి అంచుకు మధ్య రబ్బరు చక్రం ఉంటే చక్రం జాతి. మన ఇళ్లలో మిగిలిన పాత నాలుగు స్పీడ్ల మిషన్లలో చాలావరకు ఇవే. బెల్టు గానీ, బెల్టు ఉండాల్సిన చోట నల్లని తారు మరకలు గానీ ఉంటే బెల్టు జాతి. ఈ రెండూ లేకుండా పళ్లెం నేరుగా మోటారు మీదే కూర్చుంటే డైరెక్ట్ డ్రైవ్. దాని మాట చివర్లో.

తర్వాత చెవితో

కరెంటు పెట్టే ముందు వైరంతా చేత్తో తడిమి చూడండి. పాత రబ్బరు తొడుగు వంచితే పెళుసుగా విరుగుతుంది, ఎలుకలు కొరికిన చోటు వేలికి దొరుకుతుంది. ఏ కాస్త అనుమానం ఉన్నా వైరు మొత్తం మార్చండి, టేపు చుట్టి సరిపెట్టొద్దు.

మొదటిసారి నేరుగా ప్లగ్గులో పెట్టకండి. రేడియో మెకానిక్కులు వాడే సీరీస్ బోర్డు వాడండి. మిషనుకు వెళ్లే కరెంటు ముందుగా ఒక 60 వాట్ల పాత రకం బల్బు గుండా పోతుంది, అంతే దాని కిటుకు. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. మోటారు బాగుంటే బల్బు వెలగదు, లేదా మిణుకుమంటుంది. మోటారు తాగే కరెంటు అంత తక్కువ మరి. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, ఫ్యూజు ఎగిరిపోదు. చేయడం రాకపోతే తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోండి. చాలా పాత మిషన్లకు రెండు పిన్నుల ప్లగ్గే, ఎర్తు ఉండదు. అందుకే కరెంటు ఉన్నప్పుడు ఇనుప పలకను చేత్తో ముట్టొద్దు, టెస్టర్‌తో ముట్టి చూడండి.

ఇప్పుడు మీట తిప్పి చెవి పెట్టండి. అసలు చప్పుడే లేకపోతే కరెంటు మోటారు దాకా రావడం లేదు. స్విచ్చు కొసలు చూడండి. చెయ్యిని రికార్డు వైపు జరిపితేనే తిరిగే మిషన్లలో, చెయ్యి అడుగున ఉండే చిన్న స్విచ్చుదే తరచుగా తప్పు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన కాగితం ముక్కను ఆ కొసల మధ్య ఒకటి రెండుసార్లు లాగితే చిలుము వదులుతుంది. గరుకు కాగితంతో గీకితే కొసల పైపూత పోతుంది. స్విచ్చు బాగున్నా చప్పుడు లేకపోతే, ప్లగ్గు తీసి మల్టీమీటరుతో మోటారులోని తీగ చుట్టను కొలవండి. ఏదో ఒక అంకె చూపితే చుట్ట బతికే ఉంది. ఏమీ చూపకపోతే తెగింది, ఇక అది మోటారు చుట్టేవాళ్ల పని.

స్విచ్చు ఆపినా మోటారు తిరుగుతూనే ఉండటం ఇంకో వింత రోగం. నిప్పురవ్వలు రాకుండా స్విచ్చుకు అడ్డంగా వేసిన పాత కెపాసిటర్ లోపల షార్టయితే అట్లా అవుతుంది. దాన్ని మార్చేదాకా ప్లగ్గులో వదిలిపెట్టి పడుకోవద్దు.

మా మామ మిషనులో బల్బు మిణుకుమంది, మోటారు గుంయ్ మంది. అంటే కరెంటు వస్తోంది, చుట్ట బాగుంది, ఏదో పట్టి ఆపుతోంది. ఇట్లాంటప్పుడు నిమిషం కంటే ఎక్కువసేపు కరెంటు ఉంచొద్దు, తిరగని మోటారు వేడెక్కుతుంది. ఆపి, ప్లగ్గు తీసి, మోటారు కడ్డీని వేళ్లతో తిప్పి చూశాను. గట్టిగా పట్టేసి ఉంది.

మోటారు మంగళస్నానం

ఈ మోటార్ల పొట్ట టేబుల్ ఫ్యాన్ మోటారులాగే ఉంటుంది. రెండు పలకలు, వాటిలో కడ్డీని పట్టుకునే రెండు కంచు బుష్షులు, మధ్యలో తిరిగే దిమ్మె. బుష్షు నున్నటి లోహంలా కనిపిస్తుంది గానీ అది కంచు పొడిని అచ్చుపోసి కాల్చి చేసింది. సన్నని రంధ్రాల్లో నూనె దాచుకుని కొంచెం కొంచెంగా వదులుతుంది. ఆ నూనె ఎండి లక్కలా మారితే కడ్డీని కరుచుకుంటుంది.

పైనుంచి నూనె పోస్తే కాసేపు తిరుగుతుంది. అక్కడే అందరూ మోసపోతారు. కొత్త నూనె పాత జిగురును కొంచెం మెత్తబరుస్తుంది, అంతే. రెండు రోజులకు మళ్లీ పట్టేస్తుంది. తలుపు బందుల మీద చిమ్మే స్ప్రే సంగతీ ఇంతే. అది ముందు జారుతుంది, తర్వాత ఆరిపోతుంది. మామ మిషనులో ఒకప్పుడు ఎవరో కొబ్బరినూనె వేసినట్టున్నారు, బుష్షు దగ్గర తెల్లగా పేరుకుని ఉంది. డిసెంబరులో హన్మకొండలో కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టుకునే మనం, దాన్ని మోటారులో ఎట్లా పోశామో!

సరిగ్గా చేయాలంటే విప్పాల్సిందే. రెండు పలకల మీదా, మధ్య ఇనుప చట్రం మీదా పెన్సిలుతో ఒక నిలువు గీత గీయండి, మళ్లీ అదే వరసలో కూర్చోవాలి. పొడవు మరలు విప్పి పలకలు మెల్లగా వేరు చేయండి. కింది బుష్షులో ఆవగింజకంటే కాస్త పెద్ద ఉక్కు గుండు ఉండొచ్చు, దాన్ని పోనీయకండి. చుట్టల సన్నతీగలను లాగకండి.

నేను విప్పినప్పుడు జిగురుతో పాటు ఇంకోటి దొరికింది. కడ్డీ మెడకు చుట్టుకున్న ఎర్రటి పోగు. జంపఖానాది! చుట్టిపెట్టినప్పుడు కుచ్చుల్లోంచి ఊడి లోపలికి పోయింది కాబోలు. పట్టకారుతో లాగితే జానెడు వచ్చింది.

కడ్డీని, బుష్షు లోపలి భాగాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. సెల్‌ఫోన్ రిపేరు దుకాణాల్లో ఐపీఏ అని అడిగితే ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. వరంగల్లో దూదికి కొదవ లేదు గానీ ఇక్కడ దూది వాడొద్దు, నార మిగిలిపోతుంది. పాత ధోవతి గుడ్డను సన్నగా మెలితిప్పి బుష్షులో అటూ ఇటూ లాగండి. గుడ్డకు గోధుమరంగు అంటడం ఆగేదాకా లాగాల్సిందే. ఆ సీసాను మాత్రం 78 స్పీడు (నిమిషానికి 78 చుట్లు) రికార్డులకు దూరంగా ఉంచండి. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే కరుగుతాయి.

బాగా ఆరాక ఒక్కో బుష్షుకు రెండు చుక్కల కుట్టు మిషను నూనె. చుట్టూ ఉన్ని బిళ్ల ఉంటే దానికి మరి రెండు చుక్కలు. గీతలు కలిపి పలకలు పెట్టి, మరలను ఒకేసారి బిగించకుండా ఇటు కొంచెం, అటు కొంచెం బిగిస్తూ, మధ్యమధ్య కడ్డీని తిప్పి చూడండి. పట్టేసినట్టుంటే స్క్రూడ్రైవరు పిడితో చట్రాన్ని చిన్నగా తట్టండి, బుష్షులు సర్దుకుంటాయి. వేలితో గిర్రున తిప్పితే కాసేపు తనంతట తాను తిరిగి ఆగాలి. ఈ తట్టడం, తిప్పడం నాకు మొదటిసారి గంట పట్టింది. తొందరపడకండి.

రబ్బరు చక్రం

మోటారు బాగైంది, పళ్లెం పెట్టాం, అయినా "టక్, టక్" అంటూ కుంటుతోంది. మీటను ఏదో ఒక స్పీడు మీదే వదిలేసి మిషన్ను సజ్జ ఎక్కించారు. అన్నేళ్లూ మోటారు కడ్డీ రబ్బరు చక్రాన్ని ఒకేచోట నొక్కి గుంట చేసింది. చాలా మిషన్లలో మీటను ఆపినప్పుడు చక్రం కడ్డీ నుంచి దూరం జరిగేది ఇందుకే.

గుంట చిన్నదైతే కొన్ని గంటలు తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది. అంచు గాజులా నున్నగా మెరుస్తుంటే సన్నరకం గరుకు కాగితంతో చుట్టూ సమంగా, తేలిగ్గా రుద్ది, ఆల్కహాల్‌తో తుడవండి. పెట్రోలు తగలనీయొద్దు, రబ్బరు ఉబ్బుతుంది. చక్రం నడిమి ఇరుసుకు ఒక్క చుక్క నూనె చాలు, అంచుకు అంటితే జారుడే.

రుద్దితే చక్రం చిన్నదై స్పీడు మారదా అని మీకు సందేహం రావాలి. మారదు. మోటారు కడ్డీ అంచు ఎంత వేగంతో పోతే చక్రం అంచు అంతే వేగంతో పోతుంది, పళ్లెం అంచూ అంతే. మధ్యవర్తి లావైనా సన్నమైనా లెక్కలోకి రాడు. లెక్కలోకి వచ్చేవి కడ్డీ లావు, పళ్లెం వెడల్పు. అందుకే స్పీడు మార్చినప్పుడు చక్రం కడ్డీ మీది మెట్లలో ఒకదాని నుంచి ఇంకోదానికి ఎక్కుతుంది, దిగుతుంది. ఈ సంగతి తెలియని ఒక దుకాణంలో, చక్రం జారుతోందని నా సొంత మిషను కడ్డీకి టేపు చుట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి రికార్డు పెడితే ఆ గంభీరమైన మగ గొంతు బడిపిల్లాడిలా పాడింది.

బెల్టు, మిగతావి

బెల్టు తారైపోయి ఉంటే ఆల్కహాల్‌తో పుల్లీని, పళ్లెం అంచును పూర్తిగా తుడవండి. కొత్తది కొనడానికి పాతదాన్ని కొలవొద్దు, అది సాగి ఉంటుంది. బెల్టు నడిచే దారి వెంట దారం చుట్టి ఆ పొడవు రాసుకోండి. బెల్టు అంతకంటే సుమారు నూటికి ఐదు వంతులు తక్కువ ఉంటే సరిపోతుంది. మరీ బిగుతైతే మోటారు బుష్షులు అరుగుతాయి.

డైరెక్ట్ డ్రైవ్ తిరగకపోతే ఫ్యూజు, స్విచ్చు, స్పీడు సరిచేసే మీట, ఈ మూడు చూసి ఆగండి. లోపలంతా ఎలక్ట్రానిక్స్. దానికి వేరే పాఠం ఉంది.

అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చిన మిషన్లకు ఒక హెచ్చరిక. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230, 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను తగ్గిస్తుంది గానీ హెర్ట్జ్‌ను మార్చదు. ఏసీ మోటారుదైతే ఆరింట ఒక వంతు మెల్లగా తిరుగుతుంది, 33 కాస్తా 28కి పడిపోతుంది. దానికి పుల్లీ మార్చాలి. అడాప్టరుతో నడిచే డీసీ మోటారుకు ఈ బాధ లేదు.

ఇంటిపని

పళ్లెం అంచున ఒక కాగితం ముక్క అంటించి, ఫోనులో గడియారం పెట్టుకుని చుట్లు లెక్కపెట్టండి. 33⅓ స్పీడులో 18 సెకన్లకు సరిగ్గా 10 చుట్లు రావాలి. 45లో 20 సెకన్లకు 15, 78లో 10 సెకన్లకు 13. మిషను చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట తిరిగాక ఇంకోసారి లెక్కపెట్టి రెండూ రాసుకోండి. మామ మిషను మొదట 9 చుట్లు కూడా పూర్తి చేయలేదు, అరగంటకు 10కి వచ్చింది. వేడెక్కాక నూనె పలచబడిందంటే పాత జిగురు ఇంకా ఎక్కడో ఉందన్నమాట. వెతికితే పళ్లెం నడిమి ఇరుసులో దొరికింది, మోటారు హడావుడిలో దాన్ని వదిలేశాను. మీరు వదలకండి.

వచ్చే పాఠంలో ఆ డబ్బాలోంచి సూదిని బయటికి తీద్దాం. ఒక భూతద్దం తెచ్చిపెట్టుకోండి.