బాక్సింగ్-ఎంఎంఏ స్వయంశిక్షణ, 7వ పాఠం: బ్రేకు ఎవరి చేతిలో ఉంది?

గత ఆరు పాఠాల్లో నిలబడే తీరు, అడుగులు, జాబ్ (ముందు చేతి పంచ్), క్రాస్ (వెనక చేతి పంచ్), గార్డ్ (ముఖానికి అడ్డంగా చేతులు పెట్టుకోవడం), తలకు దెబ్బ తగలకుండా కిందపడటం, ఇవన్నీ ఇంట్లోనే అద్దం ముందు సాధన చేశాం. అద్దం తిరిగి కొట్టదు కాబట్టి అంతవరకే పనికొస్తుంది. ఇక మీరు జిమ్ గడప తొక్కాలి.

ఈ పాఠంలో కొత్త పంచ్ ఏదీ లేదు. జిమ్‌లో ఎలా మసలుకోవాలో నేర్చుకుందాం. ఇది చిన్న విషయమనుకుని ఎనిమిదో పాఠానికి వెళ్లిపోకండి. నేను చూసిన గాయాల్లో చాలావరకు పంచ్ వేయడం రాక తగిలినవి కావు, పద్ధతి తెలియక తగిలినవి.

బాక్సింగ్ జిమ్‌లో ఒక పద్ధతి, ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్: పంచ్‌లు, తన్నులు, కుస్తీ, నేలమీద పట్లు కలిసిన పోరు) జిమ్‌లో ఇంకో పద్ధతి. ఒకచోట పౌరుషం అనిపించుకున్నది ఇంకోచోట మూర్ఖత్వం అవుతుంది. అలాగని రెండుచోట్ల నియమాలూ బట్టీ పట్టనక్కర్లేదు. ఒక్క ప్రశ్న గుర్తుంచుకుంటే మిగతావి వాటంతటవే అర్థమవుతాయి: దెబ్బలు శ్రుతి మించుతున్నప్పుడు ఆపే బ్రేకు ఎవరి చేతిలో ఉంది?

బాక్సింగ్‌లో అది కోచ్ చేతిలో ఉంటుంది. 1975 అక్టోబర్ 1న మనీలాలో మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ మూడోసారి తలపడ్డారు. పద్నాలుగు రౌండ్లు ముగిసేసరికి ఫ్రేజియర్ కళ్లు వాచి దాదాపు మూసుకుపోయాయి. అయినా పదిహేనో రౌండ్‌కి లేస్తానన్నాడు. కోచ్ ఎడ్డీ ఫచ్ లేవనివ్వలేదు, పోరు ఆపేయించాడు. ఆ నిర్ణయాన్ని బాక్సర్లు ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటారు. అదే 1980 నవంబర్ 25న న్యూ ఓర్లీన్స్‌లో షుగర్ రే లెనార్డ్‌తో ఆడుతూ రొబెర్టో డ్యూరాన్ ఎనిమిదో రౌండ్‌లో తనంతట తానే చాలించుకున్నాడు. ఆ తర్వాత ఇంకా పెద్ద బరువుల్లో ప్రపంచ టైటిళ్లు గెలిచినా ఆ రాత్రి మచ్చ అతన్ని వదల్లేదు. ఇద్దరూ మహాయోధులే. ఒకరి విషయంలో కోచ్ ఆపాడు, ఇంకొకరు తానే ఆగిపోయాడు. బాక్సింగ్ రెండింటినీ ఒకేలా చూడలేదు.

ఎంఎంఏలో బ్రేకు మీ అరచేతిలోనే ఉంటుంది. మెడకో మోచేతికో పట్టు బిగిసినప్పుడు అవతలివాడి ఒంటిమీద రెండు మూడుసార్లు తడితే ఆట అక్కడితో ఆగుతుంది. దాన్నే ట్యాప్ అంటారు. జూడో నుంచి బ్రెజిలియన్ జుజిట్సుకి (నేలమీద పట్ల విద్య), అక్కడి నుంచి ఎంఎంఏకి వచ్చిన పద్ధతి ఇది. మంచి జిమ్‌లో బ్లాక్ బెల్ట్ కూడా సాధనలో ట్యాప్ చేస్తాడు, లేచి నవ్వుతూ మళ్లీ మొదలుపెడతాడు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ముందు బాక్సింగ్ జిమ్‌లోకి వెళ్దాం.

మొదట వినిపించేది బెల్. మూడు నిమిషాలు పని, ఒక నిమిషం విరామం. 1867 నాటి క్వీన్స్‌బెరీ నియమాలతో స్థిరపడిన లెక్క ఇది. తాడు ఆడేవాళ్లూ బ్యాగ్ కొట్టేవాళ్లూ రింగులో ఉన్నవాళ్లూ అందరూ ఆ బెల్‌కే లేస్తారు, ఆ బెల్‌కే ఆగుతారు. రౌండ్ నడుస్తుండగా ఎవరినీ పలకరించకండి, బ్యాగ్ కొడుతున్నవాళ్ల వెనకాల నుంచి దూరి వెళ్లకండి. ఏదైనా అడగాలంటే ఆ ఒక్క నిమిషంలో అడగండి. రింగులో దిగే ముందు మన దగ్గర చాలామంది నేల తాకి కళ్లకద్దుకుంటారు. కుస్తీ గోదాలో పహిల్వాన్లు మట్టి నుదుటికి రాసుకున్నట్టే ఇదీను. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా, అవతలివాళ్లు ఆ పని చేస్తున్నప్పుడు ఆగండి.

తర్వాత బ్యాండేజ్ కట్టుకోవడం. దీనికి కొంచెం సమయం తీసుకుందాం. కొత్తవాళ్లను కోచ్ మొదట చూసేది ఇక్కడే. నాలుగున్నర మీటర్ల బ్యాండేజ్ తీసుకోండి. కొసన ఉన్న ఉంగరంలో బొటనవేలు దూర్చి, చేతి వెనక వైపు నుంచి మణికట్టుకు తీసుకురండి. మణికట్టు చుట్టూ మూడు చుట్లు. అక్కడి నుంచి పైకి వెళ్లి పిడికిలి ఎముకల మీద మూడు చుట్లు. ఆ తర్వాత చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ మధ్య నుంచి, ఆ పక్క సందు నుంచి, చూపుడు వేలి పక్క సందు నుంచి, ఒక్కోసారి దూర్చి ప్రతిసారీ మణికట్టుకు తిప్పండి. బొటనవేలు చుట్టూ ఒకటి వేసి, మిగిలింది మణికట్టు దగ్గర ముగించండి. కట్టేటప్పుడు వేళ్లు బాగా విడదీసి ఉంచండి. పిడికిలి బిగిస్తే గట్టిగా ఉండాలి, విప్పితే వేళ్ల కొసలు తెల్లబడకూడదు. తెల్లబడితే విప్పి మళ్లీ కట్టండి.

మొదట్లో కోచే కట్టి పెడతారు. అప్పుడు ఫోన్ చూసుకోకండి. మీ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని ఆయన మీ ఎముకలను కాపాడుతున్నారు. బాక్సింగ్‌లో గురుశిష్య బంధం అక్కడి నుంచే మొదలవుతుంది. చాలామంది బాక్సర్ల జీవితంలో కోచ్ ఒక్కరే. కోచ్‌కి చెప్పకుండా ఇంకో జిమ్‌కి వెళ్లి స్పారింగ్ (జతగా చేసే సాధన పోరు) చేయడం ఇక్కడ పెద్ద తప్పు. ఎందుకో ఆలోచించండి. మీ బ్రేకు ఆయన దగ్గర ఉంది. ఆయన లేనిచోట రింగులో దిగితే బ్రేకు ఇంట్లో పెట్టి బండి తీసినట్టే.

అందుకే ‘సార్, స్పారింగ్ ఎప్పుడు?’ అని అడగకండి. కొన్ని నెలలపాటు తాడు, షాడో (గాలిలో పంచ్‌లు), బ్యాగ్, ప్యాడ్స్ (కోచ్ చేతికి తొడుక్కున్న దిండ్లను కొట్టడం) ఇంతే ఉండొచ్చు. కోచ్ మీ ఓపిక చూస్తున్నారు, కోపం కూడా చూస్తున్నారు.

నేను విశాఖలో నేర్చుకునే రోజుల్లో చేసిన తప్పు చెబుతాను. మొదటి నెలల్లో ఒక సీనియర్ అన్నతో నన్ను దింపారు. ఆయన పదహారు ఔన్సుల గ్లవ్స్‌తో, నా పంచ్‌లు తగలనిస్తూ, గార్డ్ ఎక్కడ దిగిపోతోందో వేలితో తట్టినట్టు చూపిస్తున్నాడు. రౌండ్ చివర్లో ఆయన చేతులు కాస్త దించి ఏదో చెప్పబోతుంటే నేను బలమంతా పెట్టి క్రాస్ వేశాను. తగిలింది. ఆయన ఏమీ అనలేదు. మాస్టారు తాళ్లమీద నుంచి వంగి, నా గ్లవ్స్ ముడి విప్పుతూ, ‘అన్న నీకు పాఠం చెబుతున్నాడ్రా. చెప్పేవాణ్ని కొడతావా?’ అన్నారు. నెలరోజులు మళ్లీ తాడే. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. స్పారింగ్‌లో మీ కంటే అనుభవం ఉన్నవాళ్లు ఎంత బలంతో కొడుతున్నారో చూసి, అంతకంటే తక్కువతో కొట్టండి. మీ పంచ్ గట్టిగా తగిలిందనిపిస్తే గ్లవ్ చాపి తాకించండి, వాళ్లూ తాకించాక కొనసాగించండి.

ఇంకో నియమం ఉంది, బాక్సింగ్‌లో దీన్ని ప్రాణంగా చూస్తారు. స్పారింగ్‌లో జరిగింది బయటికి వెళ్లకూడదు. 2017 ఆగస్టు 26న లాస్ వేగాస్‌లో ఫ్లాయిడ్ మేవెదర్‌తో ఎంఎంఏ ఛాంపియన్ కానర్ మెక్‌గ్రెగర్ బాక్సింగ్ ఆడాడు, పదో రౌండ్‌లో రిఫరీ ఆపేశాడు. ఆ పోరుకు తయారయ్యేటప్పుడు పాలీ మాలినాజీ అనే బాక్సర్ మెక్‌గ్రెగర్‌కి స్పారింగ్ ఇవ్వడానికి వచ్చాడు. రెండు వేర్వేరు బరువుల్లో ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న మనిషి. అతను రింగు నేలమీద పడి ఉన్న ఫొటో ఒకటి బయటికొచ్చింది. అది పంచ్ కాదు, తోశాడు అన్నాడు మాలినాజీ, క్యాంప్ వదిలి వెళ్లిపోయాడు. తోశాడా కొట్టాడా అని జనం నెలల తరబడి వాదించుకున్నారు. మన పాఠానికి ఆ వాదన అక్కర్లేదు. బాక్సర్లను బాధపెట్టింది ఫొటో తీసి బయటపెట్టడం. స్పారింగ్‌లో మనం కొత్తవి ప్రయత్నిస్తాం, తప్పులు చేస్తాం, కొన్నిసార్లు కావాలనే దెబ్బ తగలనిస్తాం. దాన్ని ఫలితంలా చూపిస్తే రేపటి నుంచి ఎవరూ మీకు సాయం చేయరు. ఈ రోజుల్లో ప్రతి జిమ్‌లోనూ ఫోన్ కెమెరా ఉంది కాబట్టి గట్టిగా చెబుతున్నాను: మీ వీడియోలో పక్కవాళ్లు ఉంటే వాళ్లను అడగకుండా రీల్ పెట్టకండి.

ఇప్పుడు ఎంఎంఏ జిమ్. ఇక్కడ నేల అంతా మ్యాట్. మ్యాట్ మీద చెప్పులు వేసుకోకూడదు, మ్యాట్ దిగితే చెప్పులు లేకుండా నడవకూడదు, ముఖ్యంగా బాత్రూమ్‌కి. మీ ముఖం ఆనేది ఆ మ్యాట్‌కే. గోళ్లు పూర్తిగా కత్తిరించుకోండి. ఉతికిన బట్టలతో రండి. ఒంటిమీద తామర మచ్చ ఒక్కటి కనిపించినా తగ్గేదాకా ఇంట్లో ఉండండి. ఒక్కరికి వస్తే వారంలో జిమ్ అంతా పాకుతుంది. బాక్సింగ్‌లో గౌరవం కోచ్ మాట వినడంలో కనిపిస్తే, ఇక్కడ శుభ్రంగా రావడంలో కనిపిస్తుంది. ఒళ్లూ ఒళ్లూ రాసుకునే ఆట ఇది.

ఇక్కడ చాలాచోట్ల మొదటి వారంలోనే రోలింగ్‌కి, అంటే నేలమీద పట్ల సాధనకి దింపుతారు. బాక్సర్‌కి ఇది వింతగా ఉంటుంది. కారణం మళ్లీ ఆ బ్రేకే. ట్యాప్ ఉంది కాబట్టి కొత్తవాడు పాతవాడితో తలపడినా ప్రమాదం తక్కువ. పైగా ఇక్కడ కోచ్ ఒక్కరు కాదు. పంచ్‌లకు ఒకరు, కుస్తీకి ఒకరు, నేలమీద పట్లకు ఇంకొకరు. ఒక విద్యలో సీనియర్ ఇంకో విద్యలో జూనియర్. నిన్న నిలబడి మిమ్మల్ని ఆటాడించినవాడు ఇవాళ కిందపడి మీ దగ్గర నేర్చుకోవచ్చు. ఎంఎంఏ వాళ్లకు అహం తక్కువ, బాక్సర్లకు ఎక్కువ అని చాలామంది అంటారు. నాకైతే అది సగమే నిజమనిపిస్తుంది. రోజూ ట్యాప్ చేసేవాడికి ఓటమి అలవాటవుతుంది, అందుకే తేలిగ్గా ఉంటాడు. బాక్సర్‌కి ఆ వీలు లేదు. అతని మౌనాన్ని అహం అనుకోకండి.

ట్యాప్‌తో నాకు తగిలిన దెబ్బ కూడా చెప్పాలి. బాక్సింగ్ ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఒక ఎంఎంఏ జిమ్‌లో చేరాను. నాకంటే పదేళ్లు చిన్న కుర్రాడు, జుజిట్సులో బ్లూ బెల్ట్, నా మోచేతికి ఆర్మ్‌బార్ (మోచెయ్యిని వెనక్కి విరిచే పట్టు) పట్టాడు. తట్టాలని తెలుసు. బాక్సింగ్ బుద్ధి ఒప్పుకోలేదు. పళ్లు బిగించి ఉండిపోయాను. మోచేతిలో టక్కుమంది. నేను తట్టకముందే వాడే వదిలేశాడు. ‘అన్నా, చెయ్యి పోతది. తట్టు అన్నా, ఇక్కడ ఎవరూ ఏమనుకోరు’ అన్నాడు. ఆరు వారాలు సరిగా టవల్ పిండుకోలేకపోయాను. గాయం కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది వాడి ముఖంలో కంగారు. నా మొండితనం బరువు వాడిమీద పెట్టాను. ట్యాప్ చేయకపోవడం అవతలివాణ్ని అగౌరవపరచడమేనని ఆ రోజు తెలిసింది. 2000లో జపాన్ ఎంఎంఏ యోధుడు సకురాబా పట్టిన పట్టుకు బ్రెజిల్ యోధుడు రెంజో గ్రేసీ మోచెయ్యి కీలు తప్పినా తట్టలేదు. అది పోటీ, ఆయన ఎంపిక. మనది మంగళవారం సాయంత్రం సాధన.

కాబట్టి తట్టడం నేర్చుకోండి. అవతలివాడి ఒంటిమీద తట్టండి, గాలిలో కాదు. చేతులు ఇరుక్కుంటే కాలితో మ్యాట్‌ని కొట్టండి, లేదా ‘ట్యాప్’ అని అరవండి. మెడపట్టు సరిగా బిగిస్తే పది సెకన్లలోపే స్పృహ పోవచ్చు. మడమ తిప్పే పట్లయితే నొప్పి తెలిసేలోపే మోకాలి లిగమెంట్ తెగుతుంది. అందుకని నొప్పి కోసం ఎదురుచూడకండి, పట్టు కుదిరిందనగానే తట్టండి. మీరు పట్టినవాళ్లయితే తట్టగానే బలం ఆపండి, చెయ్యి విసిరేయకుండా నెమ్మదిగా వదలండి.

ట్యాప్ పనికిరాని చోటు ఒకటుంది: తలకు తగిలే దెబ్బ. ఎంఎంఏ జిమ్‌లలో నేలమీద అంత మర్యాదగా ఉండేవాళ్లు కూడా నిలబడితే బలంగా కొట్టేస్తుంటారు. అక్కడ బాక్సింగ్ క్రమశిక్షణే కావాలి. మాక్స్ హాలోవే లాంటి ఎంఎంఏ ఛాంపియన్ కూడా తల కాపాడుకోవడానికి గట్టి స్పారింగ్ మానేసి పోటీలకు వెళ్లాడు.

అమ్మాయిలతో సాధన గురించి ఒక మాట. రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన నిఖత్ జరీన్ నిజామాబాద్‌లో మొదలుపెట్టినప్పుడు అబ్బాయిలతోనే స్పారింగ్ చేయాల్సి వచ్చింది. అవతల అమ్మాయి ఉందని పంచ్ అసలు వేయకుండా నిలబడటం గౌరవం కాదు, ఆమె రౌండ్ పాడుచేయడమే. ఆమె ఎంత బలం అడిగితే అంత. రోలింగ్‌లో మాత్రం ముందు అడగండి, ఆమె కాదంటే కారణం అడగొద్దు.

ఈ వారం సాధన. రోజూ రెండు చేతులకూ బ్యాండేజ్ కట్టుకుని విప్పండి, చూడకుండా కట్టడం వచ్చేదాకా. దగ్గర్లోని బాక్సింగ్ జిమ్‌కి ఒకరోజు, ఎంఎంఏ జిమ్‌కి ఇంకోరోజు వెళ్లి, అనుమతి అడిగి, చేరకుండా గంటసేపు కూర్చుని చూడండి. స్పారింగ్‌లో ఒకరికి గట్టిగా తగిలిన వెంటనే ఎవరు కదిలారు, ఎవరు ఆపారు, కొట్టినవాడు ఏం చేశాడు, ఇవి మాత్రం రాసుకోండి. కోచ్ ఫోన్ చూసుకుంటుండగా స్పారింగ్ జరిగే జిమ్‌లో చేరకండి, ఎంత పేరున్నా సరే.

ఇంట్లో ఎవరిమీదా మెడపట్టు ప్రయత్నించొద్దు. ట్యాప్ మాత్రం చాపమీద పడుకుని సాధన చేయండి. కుడిచేత్తో మూడుసార్లు, ఎడమచేత్తో మూడుసార్లు, మడమతో మూడుసార్లు. చప్పుడు పక్కగదిలో ఉన్నవాళ్లకు వినిపించాలి.