డిగ్రీ చివరి సెమిస్టరు: తల్లిదండ్రులు ముందే చూసుకోవలసినవి

నల్లగొండ, పాలమూరు వైపు డిగ్రీ చివరి సెమిస్టరు పిల్లలున్న ఇళ్లకు నాలుగు మాటలు.

• ఉద్యోగం ఇప్పిస్తామనేవారికి డబ్బు గానీ, అసలు సర్టిఫికెట్లు గానీ ఇవ్వకండి. పత్తి అమ్మిన సొమ్ము అడ్వాన్సుగా పోతే మళ్లీ చేతికి రాదు. ‘బ్యాక్‌డోర్’, అంటే దొడ్డిదారి, అన్న మాట వినిపించిందంటే అక్కడే లేచి వచ్చేయండి. పీజీలో చేరినా, కాలేజీ అసలు సర్టిఫికెట్లు చూసి తిరిగి ఇచ్చేయాలి. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2018లోనే ఈ సంగతి స్పష్టం చేసింది.

• పదో తరగతి మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానిలో ఇంటిపేరు పూర్తిగా, మరోదానిలో పొడి అక్షరంగా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. గడువు దగ్గర పడ్డాక పరుగులే మిగులుతాయి.

• బ్యాక్‌లాగ్‌లు (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు) ఉన్నాయా అని కోపం లేకుండా అడగండి. పిల్లలు దాచేది తిట్లకు భయపడే.

• హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్‌కు ఫీజు కట్టే ముందు, ఏ పరీక్ష కోసమో పిల్లల నోటితోనే చెప్పించండి. ఎంబీఏ, ఎంసీఏలకు ఐసెట్ అనే ప్రవేశ పరీక్ష. ఎంఏ, ఎంకాం, ఎమ్మెస్సీలకు సీపీగెట్ అనే ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష. పాలమూరు, నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయాల్లో ఆ సీట్లకూ సీపీగెట్టే. ఇంటి దగ్గర చదవడం నామోషీ ఏమీ కాదు.

• కుల, ఆదాయ ధ్రువపత్రాలు పాతవైతే మీసేవలో కొత్తవి తీసుకోండి.

• సంబంధాల మాట పరీక్షలయ్యేదాకా ఎత్తకండి, ముఖ్యంగా ఆడపిల్లల దగ్గర.