కొండ ప్రాంతంలో తక్కువ నీటి తోట – 2వ పాఠం: మంచు కరిగే తీరును బట్టి నీటి పటం

మొదటి పాఠంలో ఇల్లు, నడవదారి, చెట్లు గుర్తిస్తూ స్థలం పటం గీసుకున్నాం. ఆ కాగితం బయటికి తీయండి. ఈ పని మంచు పూర్తిగా కరిగేలోపే చేయాలి, ఆ అదను దాటితే వచ్చే ఏడాదే.

నాలుగైదు రోజులకోసారి చుట్టూ తిరిగి, నేల బయటపడిన చోటల్లా పటంలో తేదీ వేయండి. ఉత్తరార్ధగోళంలో దక్షిణపు గోడ పక్కన నేల ముందుగా తేలుతుంది. ఉత్తరపు నీడలో మంచు వారాల తరబడి ఉంటుంది. గాలి కొట్టే గట్టు మీద నిలవదు, కంచె వెనక పేరుకుంటుంది. మామూలుగా 10 అంగుళాల కొత్త మంచు కరిగితే దాదాపు 1 అంగుళం నీరు వస్తుంది. పొడిగా, తేలిగ్గా పడ్డ మంచైతే ఇంకా తక్కువ. ఏ మూలకు ఆ తడి ఎంత దక్కుతోందో మీ తేదీలే చెబుతాయి.

ఇప్పుడు పటాన్ని తడి, మధ్యస్థం, పొడి అని మూడు భాగాలు చేయండి. ఒకే దాహమున్న మొక్కలు ఒకే చోట ఉండాలి. 1981లో అమెరికాలోని డెన్వర్ నీటి సంస్థ ప్రచారంలోకి తెచ్చిన, తక్కువ నీటితో తోట పెంచే ‘జీరిస్కేప్’ పద్ధతికి ఇది ఆయువుపట్టు. కంకర పరిచి నాలుగు ముళ్ల మొక్కలు నాటడమే ఆ పద్ధతి అనుకునేవాళ్లు చాలామంది, అది నిజం కాదు.

దక్షిణపు గోడ దగ్గర జాగ్రత్త. అక్కడి వెచ్చదనానికి మొక్కలు తొందరపడి చిగురిస్తాయి, ఆలస్యంగా వచ్చే గడ్డు మంచుకు ఆ చిగుళ్లు మాడిపోతాయి. పగలు కరిగి రాత్రి గడ్డకట్టే నేల కొత్త మొక్కల వేళ్లను పైకి నెట్టేస్తుంది కూడా. అందుకే అక్కడ ఆలస్యంగా చిగురించే, ఎండకు ఓర్చే మొక్కలకే చోటివ్వండి. మొదళ్లకు తగలకుండా మూడంగుళాల మందాన బెరడు ముక్కలు పరిస్తే నేల వేడి ఒక్కసారిగా మారదు, తడీ ఆరదు.

కప్పు మీది మంచు జారిపడే చోట పెళుసు కొమ్మల పొదలు వద్దు. ఉప్పు చల్లిన దారి మంచును మడుల్లోకి ఎత్తిపోయకండి.

ఎంత కరవుకు ఓర్చే మొక్కైనా వేళ్లు దిగేదాకా, అంటే మొదటి ఒకటి రెండేళ్లు, నీళ్లు పోయాల్సిందే. కాబట్టి ఈ వసంతంలో ఎంత మేర తడపగలరో అంత మేరకే నాటండి, మిగతాది వచ్చే ఏటికి ఉంచండి.

అభ్యాసం: మూడు భాగాలకూ మూడు రంగులు వేయండి. తడి భాగం కుళాయికి దూరంగా పడిందా? ఆ చోట రంగు చుక్క పెట్టండి. 3వ పాఠంలో మట్టి పరీక్ష, డ్రిప్ గొట్టాల దారి అక్కడినుంచే మొదలుపెడదాం. అప్పటిదాకా మొక్కలు కొనకండి.