క్లబ్బు లెక్కలు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: మైదానం ఎవరి పేరు మీద ఉంది?

ముందుగా గత పాఠంలో ఇచ్చిన లెక్కకు జవాబు. ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఆదాయంలో జీతాలు ఎంత శాతమన్నది ప్రశ్న. ఆదాయం 40 కోట్లు, జీతాలు 46 కోట్లు. నిష్పత్తి 115 శాతం. అంటే చేతికి వచ్చే ప్రతి వంద రూపాయలకూ జీతాలకే నూట పదిహేను పోతోంది. చాలామంది సరిగ్గానే చేశారు. అయితే మల్కాజిగిరి నుంచి ఒక పాఠకుడు జవాబుతో పాటు పంపిన ప్రశ్న నాకు ఇంకా నచ్చింది. ‘ఇంత నష్టంలో ఉన్న క్లబ్బు ఏళ్ల తరబడి ఎలా నడుస్తుందండీ? మా వీధిలో కిరాణా కొట్టు అయితే ఆరు నెలల్లో షట్టరు దించేస్తుంది.’

యజమాని జేబుతో నడుస్తుంది. ఆ జేబు ఖాళీ అయ్యాక, లేదా పెట్టుబడి పెట్టీ పెట్టీ ఆయనకు విసుగు పుట్టాక, క్లబ్బు దగ్గర అమ్మడానికి మిగిలే పెద్ద ఆస్తి ఒక్కటే: మైదానం. ఆటగాళ్లను అమ్మవచ్చు కదా అంటారేమో. అమ్మవచ్చు, కానీ చేతిలో డబ్బు లేదని తెలిసిన క్లబ్బుకు ఎవరూ సరైన ధర ఇవ్వరు. అందుకే ఈ పాఠమంతా మైదానం గురించే.

హైదరాబాద్‌లో ప్లాటు కొనేవాడు మొదట ఏం చేస్తాడో మనకు తెలుసు. ఈసీ (ఆ ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం) తీయిస్తాడు. లింక్ డాక్యుమెంట్లు అడుగుతాడు. బ్యాంకులో తనఖా ఉందేమో ఆరా తీస్తాడు. ఇవన్నీ అయ్యాకే ధర మాట్లాడతాడు. క్లబ్బు విషయంలోనూ అదే వరుస పాటించండి. నష్టం ఎంతో తర్వాత చూసుకోవచ్చు, ముందు నేల ఎవరిదో తేల్చుకోవాలి.

సాధనకు ఇంగ్లండ్ క్లబ్బులు వీలుగా ఉంటాయి. అక్కడ కంపెనీలను నమోదు చేసే కంపెనీస్ హౌస్ అనే ప్రభుత్వ సంస్థ రిజిస్టరులో ప్రతి కంపెనీ వార్షిక ఖాతాలూ ఉచితంగా చూడవచ్చు. మన దేశంలో కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ఒక్కో కంపెనీకి 100 రూపాయలు కట్టాలి.

ఖాతాలు తెరిచాక నేరుగా వెనక పేజీలకు, వివరణలున్న చోటికి వెళ్లండి. ముందు పేజీల్లో ఛైర్మన్ రాసే సందేశం చదవడం శుద్ధ దండగ. నేను ఆడిట్ పనిలో చేరిన కొత్తలో దాన్ని శ్రద్ధగా చదివేవాణ్ని. వివరణల్లో స్థిరాస్తుల పట్టిక ఉంటుంది. అందులో భూమి, భవనాల విలువ నిరుటి కంటే ఒక్కసారిగా పడిపోయిందా? పాతబడే కొద్దీ విలువ తగ్గించి రాస్తారు, దాన్నే తరుగుదల అంటారు. దానివల్ల ఏటా కొంచెం తగ్గడం మామూలే. సగానికి సగం మాయమైతే ఎవరో కొన్నారని అర్థం. కొన్నది ఎవరో తెలియాలంటే ‘సంబంధిత పక్షాలతో లావాదేవీలు’ అనే వివరణ దగ్గరికి వెళ్లాలి. యజమానితో, ఆయన ఇతర కంపెనీలతో, ఆయన బంధువులతో జరిగిన బేరాలన్నీ చిన్న అక్షరాల్లో ఉండేది అక్కడే. చివరగా కంపెనీస్ హౌస్‌లోనే తనఖాల పేజీ చూడండి. ప్రతి తనఖాకూ ఒక వరుస ఉంటుంది: ఏ తేదీన రాశారు, ఎవరికి రాశారు, తీరిందా లేదా. తీరని వరుసల్లో ఊరూ పేరూ తెలియని చిన్న ఫైనాన్స్ కంపెనీ కనబడితే దాని దగ్గర ఆగండి. పెద్ద బ్యాంకులు కాదన్న తర్వాతే ఎవరైనా అక్కడికి వెళతారు.

ఇప్పుడు ఒక నిజమైన ఉదాహరణ. డెర్బీ కౌంటీ క్లబ్బు 2018లో తన ప్రైడ్ పార్క్ మైదానాన్ని అమ్మింది. కొన్నది ఆ క్లబ్బు యజమాని మెల్ మోరిస్‌కే చెందిన మరో కంపెనీ. ధర దాదాపు 8 కోట్ల పౌండ్లు. క్లబ్బు పుస్తకాల్లో మైదానం విలువ అందులో సగం మాత్రమే. తేడా లాభంగా ఖాతాకెక్కింది. ఆ ఏడాది క్లబ్బు కోటీ 46 లక్షల పౌండ్ల లాభం చూపించింది. ఈ అమ్మకం తీసేస్తే అది భారీ నష్టమే. ఇంత తిప్పలు ఎందుకు? డెర్బీ ఆడుతున్న రెండో అంచె లీగ్‌లో మూడేళ్లు కలిపి 3.9 కోట్ల పౌండ్లకు మించి నష్టపోకూడదన్నది అప్పటి నిబంధన. దాన్ని దాటకుండా ఉండటానికి.

ఒకాయన సొంత ఇంటిని భార్య పేరు మీద ఉన్న కంపెనీకి అమ్మి, అదే ఇంట్లో అద్దెకుంటూ, ఈ ఏడు వ్యాపారం లాభసాటిగా ఉందని చుట్టాలకు చెప్పుకుంటున్నాడని ఊహించుకోండి. నవ్వొస్తుంది. కానీ అప్పటి లీగ్ నిబంధనల్లో దానికి దారి ఉంది, తర్వాత మూసేశారు. షెఫీల్డ్ వెన్స్‌డే కూడా తన హిల్స్‌బరో మైదానాన్ని ఇదే పద్ధతిలో యజమాని కంపెనీకి అమ్మింది. ఆ లాభాన్ని ఏ ఏడాది ఖాతాలో చూపాలన్న దానిపై చిక్కుల్లో పడి 2020లో 12 పాయింట్లు పోగొట్టుకుంది. అప్పీలులో శిక్ష 6 పాయింట్లకు తగ్గింది.

డెర్బీ కథ 2021 సెప్టెంబరులో అడ్మినిస్ట్రేషన్‌కు చేరింది. ఈ మాట వార్తల్లో తరచూ వినబడుతుంది కాబట్టి దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

అడ్మినిస్ట్రేషన్ అంటే మూసివేత కాదు. బ్రిటన్‌లో 1986 నాటి దివాలా చట్టం కింద క్లబ్బు పగ్గాలు యజమాని చేతిలోంచి అడ్మినిస్ట్రేటర్ అనే నిపుణుడి చేతికి వెళతాయి. ఆయన ఉన్నంతకాలం ఆయనదో కోర్టుదో అనుమతి లేకుండా అప్పులవాళ్లు క్లబ్బు మీద దావాలు నడపలేరు, ఆస్తులు జప్తు చేయలేరు. మన 2016 దివాలా స్మృతిలో మారటోరియం, రిజల్యూషన్ ప్రొఫెషనల్ అని వినే ఉంటారు. ఇంచుమించు అదే ఏర్పాటు. ఒక్క సంగతి మాత్రం అభిమానులు మరిచిపోతారు. అడ్మినిస్ట్రేటర్ వచ్చేది అప్పులవాళ్ల కోసం. జట్టు గెలిచినా ఓడినా ఆయనకు బాధ్యత లేదు. మంచి ధర వస్తే ముఖ్యమైన ఆటగాణ్ని సీజన్ మధ్యలోనే అమ్మేస్తాడు.

లీగ్ వేసే శిక్ష వేరు. రెండో అంచె నుంచి నాలుగో అంచె దాకా నడిపే ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ 2004 నుంచి అడ్మినిస్ట్రేషన్‌కు వెళ్లిన క్లబ్బుకు 10 పాయింట్లు కోస్తూ వచ్చింది, 2015లో దాన్ని 12 చేసింది. అన్నిటికంటే పై అంచె అయిన ప్రీమియర్ లీగ్‌లో అయితే 9. ఆ లీగ్‌లో ఉంటూ మొదట ఆ గతి పట్టిన క్లబ్బు పోర్ట్స్‌మత్, 2010 ఫిబ్రవరిలో. డెర్బీకి మొదట 12, ఖాతాలు రాసిన తీరుకు మరో 9, మొత్తం 21 పాయింట్లు పోయాయి. 2022లో మూడో అంచెకు పడిపోయింది.

ఇప్పుడు అసలు లెక్క. పెన్నూ కాగితమూ తీసుకోండి. ఒక ఊహా క్లబ్బును, దాని మైదానంతో కలిపి, అడ్మినిస్ట్రేటర్ 50 కోట్ల రూపాయలకు అమ్మాడనుకుందాం. మైదానం తనఖా పెట్టుకున్న బ్యాంకుకు ముందుగా 18 కోట్లు పోతాయి. మిగిలింది 32. అడ్మినిస్ట్రేటర్ ఫీజు, ఆ నెలల్లో క్లబ్బును నడిపిన ఖర్చు 4 కోట్లు. మిగిలింది 28. అవును, ఆయన ఫీజు వరుసలో అంత ముందే ఉంటుంది. మా వృత్తిలోవాళ్లు చట్టాలు రాసేటప్పుడు దగ్గరే కూర్చుంటారు. ఉద్యోగుల పాత జీతాల్లో చట్టం కాపాడే కొద్ది భాగం 1 కోటి. మిగిలింది 27. పన్నుల శాఖకు 9 కోట్లు. బ్రిటన్‌లో 2020 డిసెంబరు నుంచి పన్నుల శాఖ కొన్ని బాకీల విషయంలో ముందు వరుసలోకి జరిగింది, అంతకు ముందు వెనకే నిలబడేది. ఇక మిగిలింది 18.

ఇక్కడ ఫుట్‌బాల్‌కే ప్రత్యేకమైన మెలిక వస్తుంది. ఆటగాళ్లకు, ఇతర క్లబ్బులకు ఉన్న బాకీలు మన ఊహా క్లబ్బులో 12 కోట్లు. చట్టం చెప్పే వరుసలో వీళ్లకు ప్రత్యేక స్థానమేమీ లేదు. కానీ ఫుట్‌బాల్ బాకీలు పూర్తిగా తీర్చనిదే కొత్త యజమానికి లీగ్ సభ్యత్వం బదిలీ కాదు. సభ్యత్వం లేని క్లబ్బు కొని ఏం చేసుకుంటాడు? కాబట్టి కొనేవాడు చెల్లిస్తాడు. విడిగా చెల్లిస్తాడన్నది కాగితం మీది మాట. ఆయన జేబు ఒకటే కనుక మన లెక్కలో ఆ 12 కోట్లను 50లోంచే తీసేద్దాం. ఈ నిబంధన అన్యాయమని బ్రిటన్ పన్నుల శాఖ కోర్టుకు వెళ్లి 2012లో ఓడిపోయింది. నాకైతే పన్నుల శాఖ వాదనే సబబుగా అనిపిస్తుంది.

చేతిలో 6 కోట్లు ఉన్నాయి. వరుసలో ఇంకా నిలబడి ఉన్నవాళ్లకు రావలసింది 40 కోట్లు. టికెట్లు ముద్రించినవాడు, కాపలా మనుషులను పంపిన ఏజెన్సీ, వాటర్ క్యాన్లు వేసినవాడు, బస్సు అద్దెకిచ్చినవాడు. రూపాయికి 15 పైసలు. పోర్ట్స్‌మత్ బాకీల జాబితాలో మైదానంలో ప్రథమ చికిత్స చేసే సెయింట్ జాన్ అంబులెన్స్ అనే సేవా సంస్థ కూడా ఉంది. కోట్ల జీతం తీసుకునే ఆటగాడికి పూర్తి బాకీ, గాయానికి కట్టు కట్టే సేవకుడికి చిల్లర పైసలు.

ఆ 15 పైసలతోనూ పని పూర్తి కాదు. ఇలాంటి రుణదాతలకు పౌండుకు కనీసం 25 పెన్నీలు దక్కాలని ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ అడుగుతుంది. మూడేళ్ల గడువు పెట్టుకుంటే 35. దక్కకపోతే మరో 15 పాయింట్ల కోత. మన లెక్కలో 40 కోట్లకు పావు వంతు 10 కోట్లు. కొనేవాడు మరో 4 కోట్లు వేసుకోవాలి, లేదా కోతతో సీజన్ మొదలుపెట్టాలి.

ఇదే లెక్కను ఒక్క మార్పుతో మళ్లీ చేయండి. మైదానం పాత యజమాని తాలూకు వేరే కంపెనీ పేరు మీద ఉంది. బ్యాంకు తనఖా కూడా అక్కడికే పోయింది, మంచిదే. కానీ మైదానం లేని క్లబ్బుకు 50 కోట్లు ఎవరిస్తారు? 20 ఇచ్చారనుకుందాం. ఫీజు, జీతాలు, పన్నులు కలిపి 14 పోతే మిగిలేది 6. ఫుట్‌బాల్ బాకీలకే 12 కావాలి. లెక్క అక్కడే ఆగిపోతుంది. కొనడానికి వచ్చినవాడు పాత యజమాని గుమ్మం ముందు నిలబడి మైదానం అద్దె ఎంతని అడగవలసి వస్తుంది. డెర్బీలో నెలల తరబడి అమ్మకం సాగకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. చివరకు స్థానిక వ్యాపారి డేవిడ్ క్లోస్ 2022లో ముందు మైదానాన్నీ, తర్వాత క్లబ్బునూ కొన్నాకే ముడి విడిపోయింది. 2010లో క్రిస్టల్ ప్యాలెస్‌దీ ఇదే ఇబ్బంది. క్లబ్బు ఒక కంపెనీది, సెల్హర్స్ట్ పార్క్ మైదానం మరో కంపెనీది, రెండూ దివాలా ప్రక్రియలోనే. బ్యాంకు మైదానాన్ని వదులుతుందో లేదో తెలియక అభిమానులు లండన్‌లో బ్యాంకు కార్యాలయం ముందు గుమిగూడారు.

మన ఊరికి వద్దాం. 2019లో మొదలైన హైదరాబాద్ ఎఫ్‌సీ గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియంలో ఆడింది. అది ప్రభుత్వ ఆస్తి. క్లబ్బు స్థిరాస్తుల పట్టికలో వెతికినా మైదానం కనబడదు. 2022 మార్చిలో ఈ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ ఛాంపియన్. ఆ తర్వాత రెండేళ్లు తిరక్కుండానే జీతాల బాకీలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధాలు, ఒక్కొక్కరే వెళ్లిపోయిన ఆటగాళ్లు. 2023–24లో ఒకే ఒక్క విజయంతో ఆఖరి స్థానం. యాజమాన్యం మారింది. 2025లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. స్టేడియం మాత్రం గచ్చిబౌలిలోనే ఉంది. అద్దె ఇల్లు ఖాళీ చేసినంత తేలిగ్గా క్లబ్బు ఊరు మారింది. లండన్‌లో సొంత మైదానం పోగొట్టుకున్న వింబుల్డన్ కూడా 2003లో ఇలాగే మిల్టన్ కీన్స్‌కు వెళ్లిపోయింది.

మరి సొంత మైదానం ఉంటే చాలా? చాలదు. డార్లింగ్టన్ అనే చిన్న క్లబ్బు 2003లో 25,000 సీట్ల మైదానం కట్టించుకుని, అది తెరిచిన కొద్ది నెలలకే అడ్మినిస్ట్రేషన్‌లో పడింది. సీట్లు నిండనే లేదు. మీరు పట్టికలో చూడవలసింది మైదానం ఉందా లేదా అన్నది మాత్రమే కాదు, దాని మీద ఎంత అప్పుందో, అది ఏడాదికి ఎంత సంపాదిస్తోందో కూడా.

ఈ వారం లెక్క. ఒక ఊహా క్లబ్బు స్థిరాస్తులు నిరుడు 62 కోట్లు, ఈ ఏడు 9 కోట్లు. ఈ ఏటి తరుగుదల 1 కోటి, కొత్తగా కొన్నదేమీ లేదు. బ్యాంకులో నగదు నిరుడు 1.2 కోట్లు, ఈ ఏడు 1.1 కోట్లు. ‘సంబంధిత పక్షాల నుంచి రావలసినది’ అనే వరుస కొత్తగా కనిపిస్తోంది: 80 కోట్లు. ప్రకటించిన లాభం 21 కోట్లు. మైదానం ఎంతకు అమ్మారు, ఆ అమ్మకంలో లాభమెంత, అది తీసేస్తే ఈ ఏడు అసలు ఫలితమేమిటి, అమ్మిన డబ్బు ఎక్కడుంది? నాలుగు జవాబులూ రెండు వాక్యాల్లో రాయండి.

5వ పాఠంలో ఆటగాడి కొనుగోలు ధరను ఒప్పందం ఉన్న ఏళ్ల మీద ఎలా పంచి రాస్తారో చూద్దాం. డెర్బీకి రెండోసారి పోయిన 9 పాయింట్లు ఆ పంపకం దగ్గర పోయినవే.